కనుచూపుమేర

దివిసీమలో పుట్టి పెరిగినవారికి కొండ అనేది చిన్నతనంలో పాఠ్యపుస్తకంలోని బొమ్మగానే పరిచయం. పులిగడ్డ దగ్గర కృష్ణవేణి రెండు పాయలై మా సీమను రెండు చేతుల నడుమ పొదువుకొన్నది మొదలు, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మీదుగా హంసలదీవి సాగరసంగమం దాకా, అలికి ఆరబెట్టిన ముంగిలిలా పరచుకొన్న ఈ మాగాణిలో చూపుకు అడ్డుపడేవి తాటితోపులు, గడ్డివాములు, గుడిగోపురాలు మాత్రమే. అందువల్ల దూరాన్ని అంచనా కట్టడం మాకు ఒకరు చెప్పగా నేర్చిన విద్య కాదు. గట్టుమీద నిలబడి, ఎదుటి చేను దాటి వస్తున్న మనిషి ఎంతసేపటికి తనను చేరుకొంటాడో పశువులు కాసే కుర్రవాడు సైతం చెప్పగలడు. నేలకు అయిదడుగుల ఎత్తున కన్నున్న మనిషి హంసలదీవి ఒడ్డున నిలబడితే, నీరూ నింగీ కలిసే గీత అతనికి సుమారు 4.4 కిలోమీటర్ల దూరంలో ఉంటుందని గణితం ద్వారా నేను తెలుసుకొన్నది చాలా ఆలస్యంగా. ‘కనుచూపుమేర’ అన్న మాటను మాత్రం అమ్మ చంకలో ఉండగానే నేర్చుకొన్నాను.

ఆ మాటలో నిక్షిప్తమై ఉన్న శాస్త్రాన్ని, ఈనాటి అత్యాధునిక యంత్రమైన వర్చువల్ రియాలిటీని నికషోపలంగా చేసుకొని పరీక్షించి, మన భాషలో మనకు అందించిన గ్రంథం ఇది. గ్రంథకర్త్రి నాకు శిష్యుని కుమార్తె. ఆమె తండ్రి బందరులో నా దగ్గర సంస్కృతం చదువుకొని, గుడివాడ సమీపంలోని తమ పొలానికే తిరిగివెళ్ళి సేద్యాన్ని నమ్ముకొన్నవాడు. తాత, ఆ చుట్టుపట్ల సరిహద్దు తగాదా వచ్చినప్పుడు, గొలుసు పట్టి గట్టు నిర్ణయించడానికి ఊరి పెద్దలు పిలిపించుకొనే మనిషి. ఆయన కొలిచిన గట్టును మళ్ళీ కొలిపించినవారు లేరని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకొంటారు. అటువంటి ఇంట పుట్టిన పిల్ల ఇంజనీరింగు చదివి, ఉద్యోగరీత్యా ఈ కల్పితలోకాల నిర్మాణంలో అడుగుపెట్టి, తాను కట్టిన లోకంలో దూరాలు ఎందుకు తప్పుతున్నవన్న ప్రశ్న ఎదురైనప్పుడు, పై అధికారికి ఒక సమాధానం చెప్పి ఊరుకోక, ఏళ్ళ తరబడి రాత్రులు ఆంగ్ల పరిశోధన వ్యాసాలతో గడిపి, వాటి సారాన్ని తెలుగులో నిలపాలని సంకల్పించడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. తాత పట్టిన గొలుసునే మనుమరాలు మరొక చేనులో పట్టింది.

విషయమేమిటో పాఠకునికి స్థూలంగా విన్నవించడం పీఠికాకర్త ధర్మం. రెండు కళ్ళకు రెండు వేర్వేరు బొమ్మలు చూపితే మనస్సు వాటిని కలిపి లోతుగల ఒకే దృశ్యంగా గ్రహిస్తుందని 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ స్టీరియోస్కోపు ద్వారా నిరూపించాడు. 1968లో అమెరికాలో ఐవన్ సదర్లండ్ ఆ సూత్రాన్ని కంప్యూటరుతో జతచేసి, తల తిప్పినకొద్దీ దృశ్యం మారే శిరోధారణ యంత్రాన్ని తయారుచేశాడు. ఈనాటి హెడ్‌సెట్లన్నీ ఆ వంశవృక్షపు కొమ్మలే. అయితే ఈ యంత్రాలు ప్రయోగశాలలకు చేరిన తరువాత ఒక విచిత్రమైన లోపం బయటపడింది. చూసే మనిషి తననుండి వస్తువుకు గల దూరాన్ని ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తున్నాడు. లూమిస్, న్యాప్ అనే శాస్త్రజ్ఞులు 2003లో ఈ సంగతిని స్పష్టంగా చర్చకు పెట్టారు. రెనర్, ఆమె సహచరులు 2013లో అప్పటివరకు వెలువడిన పరిశోధనలను సమీక్షించి, సగటున అంచనా అసలు దూరంలో 74 శాతం దగ్గరే ఆగిపోతున్నదని తేల్చారు. పది మీటర్లు చూపితే ఏడు మీటర్ల చిల్లరగా తోస్తుందన్నమాట. తరువాతి కాలపు హెడ్‌సెట్లు తేలికపడి, వాటి చూపు విశాలమైనకొద్దీ ఈ లోటు తగ్గిందే గాని తీరిపోలేదు.

ఈ దూరాన్ని కొలిచే పద్ధతిని గ్రంథకర్త్రి వర్ణించిన తీరు నాకు మిక్కిలి నచ్చింది. నోటితో ‘ఇన్ని అడుగులు’ అని చెప్పమంటే మనిషి అలవాటుకొద్దీ ఏదో ఒక అంకె చెబుతాడు గనుక, గురిని ఒకసారి చూపి, కళ్ళు మూయించి, అక్కడికి నడిచి వెళ్ళమంటారు. కాలు ఎక్కడ ఆగితే మనస్సు గ్రహించిన దూరం అక్కడికి. కిందటి మాఘమాసంలో ఆమె నన్ను మా ఊరి వెలుపలి పర్ర నేలకు తీసుకొనివెళ్ళింది. ఉప్పు పేరుకొని, పిల్లిపీచర సైతం మొలవని ఆ చదునులో పది మీటర్ల దూరాన ఒక వెదురుగెడ పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టి, “బాగా చూసి కళ్ళు మూసుకోండి తాతగారూ, ఇక ఏమీ లెక్కపెట్టకుండా నడవండి” అన్నది. నేను నడిచాను. కాళ్ళకింద ఎండిన ఉప్పుపెచ్చు చిటపటమంటుండగా, ఇక చాలునని లోపల ఎవరో చెప్పినట్టయి ఆగి, చేయి చాపాను. ఎర్రగుడ్డ వేళ్ళకు తగిలింది. మరునాడు గుడివాడలో, ఖాళీగా ఉన్న వారి ధాన్యం గోదాములో, నా తలకు హెడ్‌సెట్ తగిలించి అదే పర్రను, అదే గెడను చూపింది. ఎర్రగుడ్డ గాలికి ఆడటం కూడా చూశాను. తెర నల్లబడగానే నడిచి, అదే నమ్మకంతో ఆగి, అదేవిధంగా చేయి చాపాను. చేతికి గాలి తప్ప ఏమీ అందకపోవడం ఆ కల్పితలోకంలో సహజమే. ఆమె నేలమీద సుద్దతో గీసి చూపినప్పుడు, నేను ఆగిన చోటుకూ గెడ ఉండవలసిన చోటుకూ నడుమ ఒక నిలువెత్తు మనిషి పడుకొనేంత జాగా మిగిలి ఉన్నది. ఒక్క ముసలివాని నడక శాస్త్రానికి ప్రమాణం కాదు. కాని శాస్త్రం చెప్పే మాట నా కాళ్ళకు అర్థమైన రోజు అది.

ఈ లోటుకు కారణం ఏమిటన్న చర్చ గ్రంథంలో పెద్ద భాగం. బొమ్మ నాణ్యత చాలకనే ఇలా జరుగుతున్నదని తొలినాళ్ళలో అందరూ తలచారు. 2004లో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన థామ్సన్ బృందం నిజమైన ఛాయాచిత్రాన్ని, సాధారణమైన కంప్యూటరు బొమ్మను, వట్టి గీతల చట్రాన్ని వేర్వేరుగా చూపి పరీక్షించగా, మూడింటిలోనూ దూరం దాదాపు ఒకే తీరుగా తరిగింది. తలమీది బరువు కారణమేమోనని విలెమ్సన్, ఆయన సహచరులు బొమ్మలు చూపే యంత్రమేదీ లేని ఉత్త డొల్లను, అదే బరువుతో, అదే ఇరుకు చూపుతో తలకు తగిలించి, నిజమైన లోకాన్నే చూపించారు. కొంత లోటు అక్కడా కనిపించింది గాని మొత్తం లోటుకు అది సంజాయిషీ కాలేదు. కటకాల వెనుక తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉన్నట్టుగా కన్ను సర్దుకోవలసిరావడం, అదే సమయంలో రెండు కనుగుడ్లూ వస్తువు దూరాన్నిబట్టి లోపలికో వెలుపలికో తిరగవలసిరావడం మరొక చిక్కు. రెండు కనుపాపల మధ్య ఎడం పెద్దలలో సగటున 63 మిల్లీమీటర్లు. యంత్రంలోని ఎడం మనిషికి సరిపడకపోతే అదొక తేడా. వీటన్నిటిలో నన్ను నిలిపి ఆలోచింపజేసినది ఇంటరాంటే బృందం 2006లో ప్రకటించిన ఫలితం. మనిషి తాను నిలబడి ఉన్న గదినే, ఆ గదిలోనే, ప్రతిరూపంగా చూసినప్పుడు లోటు చెప్పుకోదగినంతగా లేదు. నమ్మిన నేలమీద కన్ను తప్పటడుగు వేయదని గ్రంథకర్త్రి దీనికి వ్యాఖ్యానం చెప్పింది. నేనైతే అంత ధైర్యంగా చెప్పకపోదును. ఆమె యౌవనం చెప్పించింది. అయినా ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చే కారణమేదీ నాకు తోచలేదు.

నేల అన్న మాట వచ్చింది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. చదునైన నేలమీద ఉన్న వస్తువును చూడటానికి, దిగంతరేఖ నుండి చూపు ఎంత కిందికి వాలుతుందో, ఆ వాలులోనే దూరం దాగి ఉన్నది. కన్ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే, పదిహేను మీటర్ల దూరాన ఉన్న గెడ మొదలు దిగంతానికి 5.7 డిగ్రీల కింద కనిపిస్తుంది. ఆ వాలు 7.6 డిగ్రీలకు పెరిగితే, రెండు డిగ్రీలు కూడా లేని ఆ తేడాకే, పదిహేను మీటర్లు కాస్తా పదకొండు మీటర్ల పైచిలుకుగా మారిపోతుంది. ఊయి, వూ, హె అనే ముగ్గురు 2001లో పట్టకాలున్న అద్దాలు తగిలించి, చూపు ఉన్నదానికంటే కిందికి వాలేలా చేసి, దూరం తగ్గినట్టు తోచడాన్ని నిరూపించారు. అంతకు మునుపు 1998లో సైనై, ఊయి, హె చేసిన పరిశోధన మన కాలువల సీమకు ప్రత్యేకంగా పనికివచ్చేది. నేల తెగకుండా సాగితే అంచనా సరిగ్గా ఉంటుంది. నడుమ గొయ్యి వస్తే అవతలి వస్తువు ఉన్నదానికంటే దూరమనిపిస్తుంది. గడ్డినేల మారి సిమెంటు నేల వచ్చినట్టు నేలతీరు మారితే దగ్గరనిపిస్తుంది. నడుమ బోదె ఉన్న చేనిలో అవతలి గట్టు ఎప్పుడూ ఒక అంగ ఎక్కువ దూరంగా ఉన్నట్టు నాకు చిన్నతనంలో ఎందుకు తోచేదో, డెబ్బై ఏళ్ళ తరువాత ఈ ప్రకరణం చదివి తెలుసుకొన్నాను.

ఈ విచారణకు మన దేశంలో పూర్వరంగం లేదనుకొనేవారికి ఒక మాట మనవి చేయవలసి ఉన్నది. వైశేషికులు చెప్పిన ఇరువదినాలుగు గుణాలలో పరత్వం, అపరత్వం అనేవి రెండు. దిక్కునుబట్టి చెప్పినప్పుడు అవి దూరసామీప్యాలు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వీటిని నిర్వచించగా, మా తరంలో తర్కం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ వాటిని కంఠస్థం చేశాడు. బందరు నుండి చూసేవానికి పెడనకంటే గుడివాడ దూరమన్న జ్ఞానం ఎలా కలుగుతుంది? నడుమనున్న మూర్తద్రవ్యాల సంయోగాలు, అనగా ఒకదానినొకటి అంటుకొని వరుసగా ఉన్న పదార్థాల కలయికలు, గుడివాడ వైపు ఎక్కువగా ఉన్నవన్న అపేక్షాబుద్ధి వలన కలుగుతుందని శాస్త్రకారుల సమాధానం. దూరం శూన్యం వలన తెలియదు, నడుమ ఉన్నవాటి వలన తెలుస్తుంది. పదకొండవ శతాబ్దంలో కైరోలో దృష్టిశాస్త్ర గ్రంథం రచించిన ఇబ్న్ అల్ హైతమ్ కూడా, కంటికీ వస్తువుకూ మధ్య తెగకుండా సాగే పదార్థాల వరుస ఉంటేనే దూరం నిశ్చయమవుతుందని, కొండలు లేని మైదానంలో మేఘం ఎత్తు కంటికి నిర్ణయం కాదని వివరించాడు. మరల 1950లో, రెండవ ప్రపంచయుద్ధకాలంలో విమానచోదకుల దృష్టిని పరిశీలించిన అమెరికా మనోవిజ్ఞాని జేమ్స్ గిబ్సన్, దృశ్యలోకానికి ఆధారం గాలి కాదనీ నేల అనీ తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ మువ్వురూ ఒకరినొకరు చదివి చెప్పారని నేను అనను. దేశకాలాలు వేరైనా, కన్నున్న మనిషి నిలబడిన నేల ఒకటే గనుక, వారి మాటలు ఒకచోట కలిశాయి.

నడుమ ఉన్నవి పోతే దూరం ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. నీరు తీసిన తరువాత మా ఊరి గట్టెక్కి దక్షిణంగా చూసినప్పుడు, ఎన్నడూ కనిపించని పొరుగు గూడెం చేయి చాస్తే అందేటంత దగ్గరగా కనిపించింది. దారిలో ఉండవలసిన తాటితోపు, గడ్డివాములు, పూరిళ్ళు, దడులు, పశువుల చావిళ్ళు, ఒక్కటీ లేవు. బురద ఒకే రంగున పరచుకొని ఉన్నది. దగ్గరే కదా అని బయలుదేరిన మేము అక్కడికి చేరేసరికి పొద్దు వాలింది. ఆనాడు మేము మోసిన దుఃఖం వేరు, దాన్ని ఇక్కడ చెప్పను. కాని సముద్రం ఊళ్ళకు దగ్గరగా జరిగినట్టు కొన్ని నెలలపాటు మాకు అనిపించడానికి భయం ఒక్కటే కారణం కాదని, సంయోగాల వరుస తెగిపోవడం కూడా కారణమని, ఈ పుస్తకం చేతికి వచ్చిన తరువాత నిశ్చయించుకొన్నాను.

కల్పితదేశంలో దూరాన్ని సృష్టించడం మా ప్రాంతానికి కొత్త కాదు. మువ్వ పక్కనున్న కూచిపూడిలో, నాలుగు బారల రంగస్థలంమీద, ద్వారకలోని ఒక మందిరంనుండి మరొక మందిరానికి పాత్ర నడిచి వెళ్ళడం చూసినవాడికి నాట్యశాస్త్రంలోని కక్ష్యావిభాగం వేరే చెప్పనక్కరలేదు. దూరదేశం వెళ్ళవలసివస్తే రంగాన్ని ఎక్కువసేపు చుట్టిరావాలి, దగ్గరైతే కొద్దిసేపు. అక్కడా ప్రేక్షకుని కంటికి దూరాన్ని ఇచ్చేది నటుని పాదమే. ఇక యంత్రాల సంగతికి వస్తే, స్వాతంత్ర్యానికి పూర్వమే అయ్యగారి రామమూర్తిగారు బందరులో నెలకొల్పిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాలల పరికరాలను దేశానికి అందించింది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించిన తరువాత అక్కడ సైన్యం కోసం రాత్రిదృష్టి సాధనాలు తయారవుతున్నవి. కంటికీ లోకానికీ నడుమ గాజును నిలిపే విద్యలో ఈ పట్టణానికి అంత వంశచరిత్ర ఉన్నది. ఈ గ్రంథం ఆ ఊరి అలమరలో తన చోటు తాను వెదుక్కోవలసిన అవసరం లేదు.

భాష విషయంలో మా ఇద్దరి మధ్య జరిగిన వాదాలను పాఠకులకు తెలియజేయడం న్యాయం. వర్చువల్ రియాలిటీని కొందరు ‘మిథ్యావాస్తవం’ అంటున్నారు. మిథ్య అంటే అబద్ధం అన్న అర్థం లోకంలో స్థిరపడినందున ఆమె ఆ మాటను వద్దనుకొన్నది. అద్వైతులు మిథ్య అన్నది అబద్ధమని కాదు. ఉన్నదనీ లేదనీ తేల్చిచెప్పడానికి వీలుకానిదని. ఎర్రగుడ్డ గాలికి ఆడటం కళ్ళారా చూసి, చేయి చాపితే అందక నిలబడిన నాకు అంతకంటే సరియైన మాట కనబడదు. అయినా జనం నోట నలిగిన వర్చువల్ రియాలిటీ అన్న మాటనే ఆమె నిలిపింది. పుస్తకం ఆమెది, నిర్ణయమూ ఆమెదే. దూరం తరిగి తోచడానికి నేను ‘దూరసంకోచం’ అని సూచించగా, శీర్షికలలో దానిని స్వీకరించి, వాక్యాలలో మాత్రం ‘దూరం కుదించుకుపోవడం’ అనే వాడుకొన్నది. చదువుతుంటే ఆమె మార్గమే సుఖంగా ఉన్నదని ఒప్పుకొంటున్నాను.

కటింగ్, విష్టన్ అనే విద్వాంసులు 1995లో మనిషి చుట్టూ ఉన్న అవకాశాన్ని మూడుగా విభజించారు. రెండు మీటర్ల లోపలిది స్వీయపరిధి, ముప్పై మీటర్ల వరకు క్రియాపరిధి, ఆపైన దృశ్యపరిధి. దీనికి గ్రంథకర్త్రి మన మాటలను జోడించి బారెడు, కూతవేటు, కనుచూపుమేర అని పేర్లు పెట్టడం ఈ గ్రంథంలోకెల్లా నాకు ప్రియమైన పని. కూతవేటు నిజానికి ముప్పై మీటర్లకంటే పెద్దదే. ఆ సంగతి ఆమె అక్కడే చెప్పింది. అయితే ఇక్కడే నా అసంతృప్తి ఒకటి ఉన్నది. బారెడును చేయి కొలుస్తుంది, కనుచూపుమేరను కన్ను కొలుస్తుంది, కూతవేటును కొలిచేది చెవి. రాత్రివేళ ఎడ్లబండి మువ్వల చప్పుడునుబట్టి అది ఏ మలుపు దగ్గర ఉన్నదో చెప్పగలిగిన తరం మాది. శబ్దం ద్వారా దూరం తెలిసే తీరుకు ఈ గ్రంథంలో దక్కినవి కొద్ది పుటలే. తరువాతి ముద్రణలో ఆ లోటు తీర్చవలసిందని పెద్దరికంతో ఆజ్ఞాపిస్తున్నాను.

ఈ విద్య ఎవరికి కావాలని అడిగేవారు ఉంటారు. పనులు సాగుతున్న బందరు రేవులో రేపు క్రేను నడపబోయే కుర్రవానికి, శస్త్రచికిత్స నేర్చుకొనే వైద్యవిద్యార్థికి, లారీ తోలడం నేర్చుకొనేవానికి ఈ యంత్రాలు శిక్షణ ఇవ్వబోతున్నవి. అక్కడ నేర్చిన దూరం ఇక్కడి దూరంతో సరిపడకపోతే, దెబ్బ తగిలేది నిజమైన ఇనుముకూ నిజమైన దేహానికీ. అయితే కల్పితలోకంలో నడిచి, తప్పు తెలుసుకొని, మళ్ళీ నడిస్తే అంచనా త్వరలోనే సరిపడుతుందని కూడా పరిశోధనలు చెబుతున్నవి. ఆ అభ్యాసం ఎలా ఉండాలో చెప్పే చివరి ప్రకరణాన్ని శిక్షణశాలల వారు తప్పక చదవాలి.

కృష్ణాజిల్లా పాఠశాలల ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. ఈ పుస్తకంలోని రెండవ ప్రకరణం చెప్పే రోజున పిల్లలను గదిలో కూర్చోబెట్టకండి. ఆటస్థలానికి తీసుకొనివెళ్ళి, పది మీటర్ల దూరాన ఒక గెడ పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టి, ఒక్కొక్కరినీ కళ్ళు మూసుకొని నడవమనండి. హెడ్‌సెట్ లేకపోయినా ఫరవాలేదు. నేల ఉంటే చాలు.